మూడో బ్యాటరీ కొనే ముందు మీటరు పెట్టి చూడండి

ప్రశ్న: మా నాన్నగారి 1998 నాటి మారుతి 800 కారును ఇప్పుడు నేను వాడుతున్నాను. వారానికి ఒకసారి విజయవాడ వెళ్లి వస్తాను, మిగతా రోజులు బండి ఇంటి ముందే ఉంటుంది. ఏడాదిన్నరలో రెండు బ్యాటరీలు మార్చాం. అయినా మూడు రోజులు తీయకపోతే నాలుగో రోజు పొద్దున సెల్ఫ్ తిరగదు, టక్కుటక్కుమని చప్పుడు మాత్రం వస్తుంది. పక్కింటివాళ్లు తోస్తే స్టార్ట్ అవుతుంది. రాత్రిపూట సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు హెడ్‌లైట్లు పచ్చబడతాయి, డ్యాష్‌బోర్డులో బ్యాటరీ గుర్తు దీపం సన్నగా వెలుగుతుంది. ఒక మెకానిక్ బ్యాటరీ కంపెనీ మార్చమన్నాడు, ఇంకొకరు ఆల్టర్నేటర్ మొత్తం మార్చాలన్నారు, మూడో ఆయన వైరింగంతా కొత్తగా వేయాలన్నాడు. రెండేళ్ల కిందట మా మరిది కారులో మ్యూజిక్ సెట్టు పెట్టించాడు, అంతకు మించి మేం కొత్తగా పెట్టించినదేమీ లేదు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: అమ్మా, ముందు ఒక మాట. మూడో బ్యాటరీ కొనకండి, ఇంజను తిరుగుతుంటే కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌ను కూడా ఇప్పుడే విప్పించకండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముగ్గురు మూడు రకాలుగా చెప్పారని రాశారే గాని, వారిలో ఒక్కరైనా బ్యాటరీ మీద మీటరు పెట్టి ఇన్ని వోల్టులు ఉన్నాయని చెప్పినట్టు ఎక్కడా లేదు. ఛార్జింగ్ లోపాన్ని చెవితో విని, చేత్తో తడిమి తేల్చడం ఎంత అనుభవం ఉన్నవారికైనా కష్టమే. తేలవలసినవి నాలుగు సంగతులు: బ్యాటరీ తనలో నింపినదాన్ని నిలుపుకుంటోందా, ఆల్టర్నేటర్ కావలసినంత పుట్టిస్తోందా, పుట్టినది వైర్ల గుండా బ్యాటరీ దాకా చేరుతోందా, బండి ఆగి ఉన్నప్పుడు చాటుగా ఏదైనా దాన్ని తోడేస్తోందా. ఈ నాలుగింటినీ నాలుగైదు వందల రూపాయల సాధారణ డిజిటల్ మీటరుతో (మల్టీమీటరు) మీ ఇంటి ముందే ఒక ఉదయంలో చూసుకోవచ్చు.

మీరు రాసిన దానిలోనే ఒక లెక్క దాగి ఉంది, దాన్ని ముందు బయటికి తీద్దాం. మీ కారు బ్యాటరీ సుమారు 35 ఆంపియర్-అవర్లది, అంటే ఒక ఆంపియరు కరెంటును సుమారు 35 గంటలు ఇవ్వగలది. ఎండాకాలపు గుంటూరులో చిన్న పెట్రోలు ఇంజనును తిప్పలేని స్థితికి అది వచ్చిందంటే, ఉన్నదానిలో సగమైనా పోయి ఉండాలి, అంటే దాదాపు 17 ఆంపియర్-అవర్లు. మూడు రోజులంటే 72 గంటలు. 17ని 72తో భాగిస్తే పావు ఆంపియరుకు కాస్త తక్కువ వస్తుంది. అంటే డ్యాష్‌బోర్డులో వెలిగే చిన్న బల్బంత, సుమారు 3 వాట్ల కరెంటు రాత్రింబగళ్లు ఎటో పోతోందన్నమాట. బ్యాటరీ మొదటినుంచీ నిండుగా లేకపోతే ఈ అంకె కొంత తగ్గుతుంది, కానీ లేకుండా పోదు. రేడియో జ్ఞాపకానికి, గడియారానికి ఇలాంటి పాత కారులో 20, 30 మిల్లీ ఆంపియర్లు (ఆంపియరులో వెయ్యో వంతులు) చాలు. 50 దాటితే వెతకాలి. మీ లెక్క 200 పైన ఉంది.

రోజుకు 5, 6 ఆంపియర్-అవర్లు పోతూ ఉంటే వారానికి అది 35 నుంచి 42 అవుతుంది. మీరు నడిపేది వారానికి రానూపోనూ రెండు గంటలు. ఏసీ, హెడ్‌లైట్లు వేసుకుని, మంగళగిరి దగ్గరా బెంజ్ సర్కిల్ దగ్గరా ఆగుతూ వెళ్లే ఆ రెండు గంటల్లో ఖాళీ అయిన బ్యాటరీ నిండదు. అరకడుపుతో రోజుల తరబడి ఉన్న బ్యాటరీలో సీసపు పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది, తరవాత ఎంత ఛార్జింగ్ పెట్టినా అది పూర్తిగా కరగదు. మీ రెండు బ్యాటరీలూ ఇలాగే పోయి ఉంటాయని నా నమ్మకం. కంపెనీ మారిస్తే మూడోది కూడా అదే దారి పడుతుంది.

ఇక కొలతలకు వద్దాం. మీటరును 20 వోల్టుల డీసీ స్థానంలో పెట్టండి. బండిని ముందురోజు రాత్రి ఆపి, పొద్దున ఏదీ వేయకముందే ఎర్ర కడ్డీని బ్యాటరీ ప్లస్ కొమ్ము మీద, నల్ల కడ్డీని మైనస్ కొమ్ము మీద ఆనించండి. వైరును కొమ్ముకు బిగించే క్లాంపు మీద కాదు, సీసపు కొమ్ము మీదే. 12.6 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం, 12.0 అయితే పావు వంతు మిగిలినట్టు. 10.5 దగ్గర ఆగి, ఛార్జింగ్ పెట్టినా పైకి కదలకపోతే ఆరు గదుల్లో ఒక గది చచ్చిపోయినట్టే. బండి నడిపి ఆపిన వెంటనే చూస్తే పైపై ఛార్జి వల్ల అంకె ఎక్కువ కనబడుతుంది, అది నమ్మదగినది కాదు. 12.2 కంటే తక్కువ ఉంటే మిగతా పరీక్షలన్నీ ఆపి, ముందు బ్యాటరీని షాపులో 3.5 ఆంపియర్ల దగ్గర 10, 12 గంటలు నిదానంగా ఛార్జింగ్ పెట్టించండి. గంటలో ఎక్కించి ఇస్తామనేవారికి ఇవ్వకండి. ఆల్టర్నేటర్ ఉన్నది వాడినదాన్ని తిరిగి పూడ్చడానికి, ఖాళీ బ్యాటరీని నింపే పని దానిమీద పెడితే అది వేడెక్కి పాడవుతుంది. అదే షాపులో లోడ్ టెస్టు (బ్యాటరీ మీద భారం మోపి చూసే పరీక్ష) కూడా చేయించండి. రెండో బ్యాటరీ వారంటీ కార్డు దొరికితే వెంట తీసుకెళ్లండి. గది చచ్చిందని తేలితే కొత్తది కొనకుండానే పని జరగవచ్చు.

బ్యాటరీ నిండిన తరవాత ఒకరిని సెల్ఫ్ కొట్టమని, మీరు మీటరు చూడండి. ఇంజను తిరుగుతున్న ఆ రెండు మూడు క్షణాల్లో 10 వోల్టులకు కిందికి దిగకూడదు. 9.5కి పడిపోయిందంటే బ్యాటరీ అయినా అలసిపోయి ఉండాలి, సెల్ఫ్ మోటారయినా అతిగా లాగుతూ ఉండాలి. ఒకవేళ బ్యాటరీ కొమ్ముల మీద 12 నిలిచి ఉన్నా సెల్ఫ్ టక్కుమని ఊరుకుంటే, తప్పు మధ్యలో ఉన్న క్లాంపులది, వైర్లది, లేదా సెల్ఫ్‌కు కరెంటు కలిపే సాలినాయిడ్‌ది.

ఇంజను నడుస్తుండగా అదే చోట 13.8 నుంచి 14.5 దాకా రావాలి. ఇంజను బాగా వేడెక్కాక, మన ఏప్రిల్, మే ఎండల్లో 13.6 కనబడినా కంగారుపడనక్కరలేదు, వేడి పెరిగితే, వోల్టులను అదుపులో ఉంచే రెగ్యులేటరు కాస్త తగ్గించి ఇవ్వడం మామూలే. 15 దాటితే మాత్రం రెగ్యులేటరు పోయినట్టు. బ్యాటరీ నీళ్లు ఉడికి ఆవిరైపోతాయి, బల్బులు మాడిపోతాయి. ఇప్పుడు హెడ్‌లైట్లు, బ్లోయరు, ఏసీ అన్నీ వేసి, యాక్సిలరేటరు కొద్దిగా నొక్కి పట్టి మళ్లీ చూడండి. 13.3, 13.5 దగ్గర నిలబడితే ఆల్టర్నేటర్ మోస్తున్నట్టు, 12.5కి జారితే మోయలేకపోతున్నట్టు. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటరు నొక్కకుండా ఇంజను నడిచేటప్పుడు, దీపాలు కొద్దిగా తగ్గడం ఆ తరం కార్లన్నిటిలోనూ ఉంది, హెడ్‌లైట్లు రెండూ కలిసి 110 వాట్లు, అంటే 9 ఆంపియర్లు తీసుకుంటాయి. ఎవరైనా 100 వాట్ల బల్బులు బిగించి ఉంటే వాటిని తీసేయించండి, ఆ స్విచ్చీ, ఆ సన్నటి వైర్లూ వాటిని తట్టుకోవు.

అయితే బ్యాటరీ గుర్తు దీపం సన్నగా వెలగడం మామూలు కాదు, నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది అదే. ఈ తరహా పాత బండ్లలో ఎక్కువగా ఆ దీపానికి ఒక కొస నుంచి తాళం (ఇగ్నిషన్ స్విచ్) గుండా బ్యాటరీ వోల్టేజి, రెండో కొస నుంచి ఆల్టర్నేటర్ వోల్టేజి వస్తాయి. రెండూ సమానమైతే దీపం ఆరుతుంది, తేడా ఉన్నంత మేర వెలుగుతుంది. నిండుగా వెలిగితే ఆల్టర్నేటర్ పూర్తిగా పడుకున్నట్టు, సన్నగా వెలిగితే కుంటుతున్నట్టు. ఆల్టర్నేటర్‌లో పుట్టేది మూడు ఫేజుల ఏసీ (దిశ మారుతూ ఉండే) కరెంటు, దాన్ని డీసీగా (ఒకే దిశలో పారేదిగా) మార్చేవి డయోడ్ ప్లేటులోని ఆరు డయోడ్లు, కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగాలు. వాటిలో ఒకటి తెగిపోతే ఛార్జింగ్ తగ్గుతుంది. తెగకుండా కారడం మొదలుపెడితే ఇంకా చెడ్డది, ఇంజను ఆగిన తరవాత బ్యాటరీ కరెంటు దాని గుండా వెనక్కి పోతూనే ఉంటుంది. పగలు సరిగా పెట్టదు, రాత్రి తోడేస్తుంది. మీ రెండు బాధలకూ ఒకటే కారణం కావడానికి ఇక్కడ అవకాశం ఉంది. తాళం దాకా వచ్చే వైరులోనో, ఫ్యూజు పట్టీల దగ్గరో చిలుము పట్టి వోల్టేజి పడిపోతున్నా ఆ దీపం అలా వెలగవచ్చు గనుక, ఇదే అని ముద్ర వేయను.

దీన్ని పరీక్షించడానికి మీటరు పక్కన పెట్టి మీ అరచెయ్యి చాలు. సాయంత్రం బండి ఆపండి. మర్నాడు పొద్దున ఇంజను చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి, ఆల్టర్నేటర్ మీద చెయ్యి పెట్టండి. పక్కనున్న ఇంజను లోహం చల్లగా ఉండి ఆల్టర్నేటర్ ఒక్కటే గోరువెచ్చగా ఉంటే, రాత్రంతా దానిలో కరెంటు పారుతున్నట్టే. మీటరుతో చూడాలంటే దాన్ని ఏసీ వోల్టుల స్థానానికి మార్చి, ఇంజను నడుస్తూ లైట్లు వెలుగుతుండగా బ్యాటరీ కొమ్ముల మీద పెట్టండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే డయోడ్లను అనుమానించాలి.

ఒక పని మాత్రం ఎవరినీ చేయనివ్వకండి. కొందరు ఇంజను నడుస్తుండగా బ్యాటరీ క్లాంపు ఊడదీసి, బండి ఆగకపోతే ఆల్టర్నేటర్ బాగున్నట్టు, ఆగితే పోయినట్టు చెబుతారు. ఆల్టర్నేటర్‌కు ముందు కార్లలో కరెంటు పుట్టించిన డైనమోల కాలంలో అలవాటైన పద్ధతి అది. ఆల్టర్నేటర్ ఉన్న బండిలో బ్యాటరీని అలా ఒక్కసారిగా తప్పిస్తే వోల్టేజి క్షణంలో ఎన్నో రెట్లు ఎగసి డయోడ్లనూ రెగ్యులేటరునూ కాల్చేస్తుంది. పరీక్ష కోసం చేసిన పనే పాడు చేస్తుంది. చూసిన వాళ్ల ఎదుటే ఎన్నో మంచి ఆల్టర్నేటర్లు ఇలా పోయాయి. ఎవరైనా అందుకు చెయ్యి చాస్తే, మర్యాదగానే అయినా గట్టిగా వద్దని చెప్పండి. ఇంకా డైనమో, కటౌట్ (ఛార్జింగ్ లేనప్పుడు డైనమోను బ్యాటరీ నుంచి విడదీసే స్విచ్చి) మీదే నడిచే పాత అంబాసిడర్, జీపు ఉన్న పాఠకులు ఈ సందర్భంలో ఒకటి గమనించాలి: వాటిలో ఐడిల్‌లో ఛార్జింగ్ దీపం వెలగడం లోపం కాదు, డైనమో ఆ వేగంలో పెద్దగా పుట్టించదు.

ఇప్పుడు పుట్టిన కరెంటు చేరుతోందా అన్నది. ఇది ఎక్కువమంది చూడనిది, అందుకే కొంచెం ఆగి చెబుతాను. నా దగ్గర ఒక డీజిల్ జీపు ఉండేది. ఒక వానాకాలపు రాత్రి మంగళగిరి దాటి గుంటూరు వైపు వస్తుంటే, వైపరు వేసిన ప్రతిసారీ హెడ్‌లైట్లు కుంగిపోయేవి, చివరి 10 కిలోమీటర్లు ముందు లారీ వెనక దీపాలు పట్టుకుని వచ్చాను. ఒక షెడ్డులో ఆల్టర్నేటర్ రెండుసార్లు రిపేరు చేశారు, కాయిల్ మార్చారు, బ్రష్షులు మార్చారు, ఏమీ మారలేదు. చివరికి విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన, వయసు డెబ్బైకి దగ్గర, ఏదీ విప్పకుండా మీటరు అడిగాడు. నల్ల కడ్డీ బ్యాటరీ మైనస్ కొమ్ము మీద, ఎర్ర కడ్డీ ఇంజను బ్లాకు మీద పెట్టి, సెల్ఫ్ కొట్టమన్నాడు. రెండూ ఎర్త్ దారిలో కలిసే ఉంటాయి కాబట్టి అక్కడ దాదాపు సున్నా రావాలి. 1.8 వోల్టులు వచ్చింది. కిందకి దూరి, ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్య ఉండే అల్లిక ఎర్త్ పట్టీ బోల్టు విప్పాడు. పట్టీ చూడటానికి బాగానే ఉంది. దాని కింద, అంతకుముందు ఎవరో ఛాసిస్‌కు వేసిన నల్ల రంగు రూపాయి బిళ్లంత మేర నున్నగా మెరుస్తోంది, కరెంటుకు అడ్డుపడింది ఆ రంగే. గరుకు కాగితంతో తెల్ల లోహం కనబడేదాకా రుద్ది, పట్టీ బిగించి, మళ్లీ కొలిస్తే 0.1. ఆ రోజు ఆయన తీసుకున్నది ఒక పూట కూలి కూడా కాదు. నేను అప్పటికే ఖర్చుపెట్టినదాన్ని తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది, మీకు అది జరగకూడదనే ఇంత రాస్తున్నాను.

మీ కారులోనూ అదే కొలత తీయండి. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ మైనస్ కొమ్ముకూ ఇంజనుకూ మధ్య అర వోల్టు లోపల ఉండాలి. తరవాత ఇంజను కొద్దిగా రేస్ చేసి, లైట్లు వేసి, ఆల్టర్నేటర్ వెనకనున్న లావు వైరు బోల్టుకూ బ్యాటరీ ప్లస్ కొమ్ముకూ మధ్య చూడండి. 0.3 లోపల ఉంటే ఆ దారి శుభ్రంగా ఉన్నట్టు. ఆల్టర్నేటర్ బోల్టు దగ్గర 14.3 ఉండి బ్యాటరీ దగ్గర 13.2 మాత్రమే ఉంటే, ఆల్టర్నేటర్ మార్చి ప్రయోజనం లేదు, ఆ ఒక్క వోల్టు తినేస్తున్న అతుకును పట్టుకోవాలి. బ్యాటరీ కొమ్ముల మీద తెల్లగానో ఆకుపచ్చగానో పొడి పేరుకుని ఉంటే ముందు మైనస్, తరవాత ప్లస్ విప్పి, వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, కొమ్మును లోహం మెరిసేదాకా రుద్ది బిగించండి. వేజలిన్ పూయడం బిగించిన తరవాతే. తిరిగి తగిలించేటప్పుడు మైనస్ చివర. వైరింగంతా మార్చాలన్న మూడో మెకానిక్ మాట ఇలాంటి కొలత ఏదీ లేకుండా ఒప్పుకోవద్దు. పాత మారుతిలో చెడేది సాధారణంగా అతుకులే, అదీ తరవాత ఎవరో మెలిపెట్టి టేపు చుట్టినవి. మన ఎండకు ఆ టేపు జిగురు కరిగి ఊడిపోతుంది.

ఫ్యాన్ బెల్టు సంగతి త్వరగా చెబుతాను. బొటనవేలితో గట్టిగా నొక్కితే సెంటీమీటరుకు మించి దిగకూడదు. ఈ కారులో అదే బెల్టు వాటర్ పంపును కూడా తిప్పుతుంది గనుక, ఛార్జింగ్ తగ్గడంతోపాటు ఇంజను వేడెక్కుతుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. బెల్టు పక్కలు అద్దంలా మెరుస్తున్నా, పుల్లీ గాడి అడుగు మెరుస్తున్నా అది జారుతున్నట్టు.

ఇక మిగిలింది దొంగ కరెంటు. సెట్టు ఆపి, ఇగ్నిషన్ నుంచి తాళంచెవి తీసేసి, తలుపులు మూసి, మైనస్ క్లాంపు విప్పండి. మీటరులో ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, ఒక కడ్డీ మైనస్ కొమ్ముకూ రెండోది విప్పిన క్లాంపుకూ ఆనించండి. మీటరు ఇలా ఉండగా తాళం తిప్పడం, హెడ్‌లైట్లు వేయడం చేయకూడదు, తలుపు కూడా తీయకండి. పని అవ్వగానే ఎర్ర వైరును తిరిగి వోల్టుల రంధ్రంలోకి మార్చండి. మరిచిపోయి అలాగే బ్యాటరీ రెండు కొమ్ముల మీద పెడితే నేరుగా షార్ట్ అవుతుంది, వైర్లు కరిగి చెయ్యి కాలుతుంది. భయంగా ఉంటే మీటరు బదులు వైర్లు కట్టిన 5 వాట్ల చిన్న బల్బును అక్కడే తగిలించండి. మసకగానైనా వెలిగితే కారుతున్నట్టు.

0.2 ఆంపియర్లు చూపిందనుకుందాం. ముందు సెట్టు వైర్లు ఊడదీయండి. మ్యూజిక్ సెట్టుకు రెండు ప్లస్ వైర్లు ఉంటాయి: పసుపుది ఎప్పుడూ కరెంటు ఉండే చోటికి, జ్ఞాపకం కోసం; ఎర్రది తాళం తిప్పితేనే కరెంటు వచ్చే చోటికి. శ్రమ తగ్గించుకోవడానికి రెండింటినీ కలిపి మెలిపెట్టి నేరుగా బ్యాటరీ వైరుకు తగిలించే వాళ్లు ఉన్నారు, అప్పుడు సెట్టు ముఖం మీద దీపాలు ఆరినా లోపల మేలుకునే ఉంటుంది. ఆంప్లిఫయరు కూడా ఉంటే మరీ ఎక్కువ. మీ ఇబ్బంది మొదలైన కాలమూ సెట్టు వచ్చిన కాలమూ దగ్గరగా ఉన్నాయి గనుక, మీ మరిదిగారిని ఏమీ అనకుండానే, ముందు అక్కడ చూడండి. అంకె పడిపోతే ఎర్ర వైరును తాళం లైనుకు మార్పిస్తే సరిపోతుంది. పడకపోతే ఫ్యూజులు ఒక్కొక్కటిగా లాగుతూ మీటరు చూడండి, ఏది లాగినప్పుడు పడితే ఆ దారిలో వెతకాలి. అన్నీ లాగినా అంకె కదలకపోతే, ఫ్యూజుపెట్టె గుండా పోని లావు వైర్లు ఆల్టర్నేటర్‌కూ సెల్ఫ్‌కూ వెళ్లేవే మిగులుతాయి. ఆల్టర్నేటర్ లావు వైరు విప్పి, దాని కొస దేనికీ తగలకుండా టేపు చుట్టి చూడండి. అప్పుడు సున్నాకు వస్తే డయోడ్ ప్లేటు. వైరు విప్పేటప్పుడూ బిగించేటప్పుడూ బ్యాటరీ మైనస్ తగిలి ఉండకూడదు.

డయోడ్ ప్లేటని తేలితే ఆల్టర్నేటర్ మొత్తం మార్చనక్కరలేదు. ప్లేటు, బ్రష్షులు, అవసరమైతే బేరింగులు మార్చి ఇచ్చేవారు గుంటూరులోనూ ఆటోనగర్‌లోనూ ఉన్నారు. విప్పిన పాత సామాను మీకు చూపించమని ముందే చెప్పండి, పాత బ్రష్షునూ కొత్తదాన్నీ పక్కపక్కన పెడితే ఎంత అరిగిందో మీకే తెలుస్తుంది. బ్యాటరీలో నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి, మన బోరు నీళ్లలోని ఉప్పు పలకలను తినేస్తుంది. యాసిడ్ పోయించకండి.

ఈ లోగా బండిని మూడు రోజులు ఆపవలసి వస్తే మైనస్ క్లాంపు విప్పి ఉంచండి, నాలుగో రోజు బిగించగానే సెల్ఫ్ హాయిగా తిరిగితే అదే ఒక పరీక్ష అవుతుంది. పొద్దుటి వోల్టులు, సెల్ఫ్ కొట్టేటప్పటివి, లైట్లతో ఇంజను నడిచేటప్పటివి, ఎర్త్ దగ్గరివి, ఆపి ఉన్నప్పటి ఆంపియర్లు, ఈ ఐదు అంకెలు ఒక కాగితం మీద రాసి ఏ ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లినా ముందు ఆ కాగితం చేతికివ్వండి. నాకూ ఒక ప్రతి పంపితే, ఏ పని చేయించాలో, ఏది అక్కరలేదో వివరంగా రాస్తాను.